తీగకు ఇటు చివర

పొయ్యి మీద కూర ఉడుకుతుండగా ఆమె రిమోట్‌తో ఎగరేసే బొమ్మ విమానం రెక్క అతికిస్తోంది. థర్మోకోల్‌లాంటి ఆ తేలిక రెక్కను విరగ్గొట్టేది భర్త, అతికించేది ఆమె. బ్యాటరీలు ఛార్జింగ్‌కి పెట్టేదీ, ఆదివారం మైదానానికి టిఫిన్ సర్దేదీ కూడా ఆమే. "మగవాడికి ఆమాత్రం సరదా ఉండొద్దా?" అంటుంది అత్తగారు. ఆడదాని సరదా సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు కాబట్టి ఒకరోజు ఆమే ఎత్తింది. "నాకూ నేర్పండి, ఎగరేస్తాను."

"స్కూటరే రాదు, విమానమా?" అన్నాడు భర్త. స్కూటర్ నేర్పనిదెవరో ఆమె అడగలేదు. చివరికి మైదానంలో స్నేహితులు "వదినగారికీ ఓ ఛాన్సివ్వరా" అని ఆటపట్టిస్తే పరువు కోసం ఒప్పుకున్నాడు.

కొత్తవాళ్ళకు నేర్పడానికి ఒక పద్ధతి ఉంది. రెండు రిమోట్లు, మధ్యలో తీగ. గురువు తన రిమోట్ మీది స్విచ్ నొక్కి పట్టుకున్నంతసేపే విమానం శిష్యురాలి మాట వింటుంది. వదిలితే మళ్ళీ గురువుదే.

"ఎడమకి... ఇప్పుడు కుడికి," అంటున్నాడు భర్త. ఆమె బొటనవేళ్ళతో మీటలు కదిపింది. విమానం ఒరిగి, చెట్ల మీదుగా చుట్టు తిరిగింది. ఎదురుగా వస్తున్నప్పుడు కుడిఎడమలు తారుమారవుతాయని, కొత్తవాళ్ళు అక్కడే కూలుస్తారని విని ఉంది. తడబడలేదు. పెళ్ళయ్యాక ఆమె చేతులు ఆమె కోసం చేసిన మొదటి పని అది. సిగ్గు విడిచి పైకే నవ్వేసింది.

విమానం దిగాక, "ఎలా తిప్పాను?" అంది.

"నువ్వా? నేను స్విచ్ నొక్కితేగా. లేచిన దగ్గర్నుంచీ తిప్పింది నేనే. నువ్వు ఊరికే వేళ్ళాడించావు."

స్నేహితులు పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంటికెళ్ళాక "అంతమాత్రానికే మొహం మాడ్చుకోవాలా" అనిపించుకోవాలి. డబ్బాలు విప్పి అందరికీ వడ్డించింది. తేడా తనకు తెలియలేదన్న మాటే ఆమెను తినేస్తోంది. ఉద్యోగం తనే మానేశానని, రెండో బిడ్డ వద్దని తనే అనుకున్నానని, వంటింటికి ఆ రంగు తనే ఎంచానని ఇన్నేళ్ళూ నమ్మింది. అప్పుడు మాత్రం ఎవరైనా స్విచ్ నొక్కి తన చేతికిచ్చారా?

మరుసటి ఆదివారం భర్త మళ్ళీ రిమోట్ పట్టీ ఆమె మెడలో వేశాడు. "ఈసారి నిజంగా ఇస్తాలే," అన్నాడు. విమానం లేచింది, ఒరిగింది, చెట్ల మీదుగా చక్కగా చుట్టు తిరిగి వచ్చింది.

"అదీ. ఇవాళ చెయ్యి కుదిరింది నీకు," అన్నాడు అతను, ఆకాశం మీంచి చూపు తిప్పకుండా, అందరికీ వినపడేలా.

విమానం లేచిన దగ్గర్నుంచీ ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకునే నిలబడి ఉంది.