పిన్‌షాయ్ పిలుపు

మా ఎలక్ట్రో-రాక్ బ్యాండు కొత్త పాటను విడుదలకు ముందురోజు మధ్యాహ్నం స్టూడియోలో మొదటిసారి పూర్తిగా విన్నాను. పాట ఎత్తుకోగానే నా ఒళ్ళు మండిపోయింది. చెవులకున్న హెడ్‌ఫోన్లు లాగి బల్ల మీద విసిరికొట్టాను.

"తైలాంగ్! ఇదెక్కడిదిరా?"

తైలాంగ్ మాకు కీబోర్డు వాయిస్తాడు, కంప్యూటర్‌లో పాట ముక్కలు అతికించేదీ వాడే. గిటార్ల హోరుకు ముందు కొండమీంచి ఎవరో సాగదీసి పిలుస్తున్న కూత పెట్టాడు. ఎవరో ఏమిటి, మా అమ్మే.

"నీకు చెప్పకుండా దాచానే దాఫీ! మొన్న చలికాలం మీ ఊరొచ్చినప్పుడు ఫోన్‌లో పట్టా. మీ ఊరి పాట కదా, అదిరిపోలా?" అన్నాడు పళ్ళికిలిస్తూ.

"నీ మొహం! అది పాట కాదురా. మా తమ్ముడి పేరు!"

వాడి నవ్వు ఆగిపోయింది. వాడూ మాలాగే ఖాసీ తెగవాడే, కానీ షిల్లాంగ్‌లో పుట్టి పెరిగినవాడికి మా లోయ సంగతులేం తెలుసు! మా ఊళ్ళో బిడ్డ పుడితే తల్లి ఒక రాగం కడుతుంది. పొలంలోనైనా అడవిలోనైనా ఆ రాగంతోనే పిలుస్తుంది. బిడ్డ పోతే రాగమూ వాడితోనే పోవాలి. ఆ తర్వాత ఎవరైనా దాన్ని పలికితే పోయినవాడు దారి తప్పి వెనక్కి తిరుగుతాడని మా భయం. మా తమ్ముడు పిన్‌షాయ్ ఈ వానాకాలం కొండచరియ విరిగిపడి చనిపోయాడు. అప్పటినుంచి అమ్మ నోట కూనిరాగమైనా లేదు.

"తీసెయ్" అన్నాను.

"ఎలా తీసేది? ఆన్‌లైన్‌కి పంపించేశాం కదే. పొద్దున్నకల్లా అన్నిచోట్లా వచ్చేస్తుంది."

"కొంప ముంచావు కదరా! అమ్మ వింటే తట్టుకోలేదు."

"నేనూ మీ ఊరొస్తా. వేరేచోట వినకముందే మనమే చెబుదాం" అన్నాడు.

మర్నాడు మా ఊరి సుమో ఎక్కాం. అది తెల్లవారుజామున ఊళ్ళో బయల్దేరి షిల్లాంగ్ వచ్చి, తిరిగి మధ్యాహ్నానికి ఊరు చేరుతుంది. డ్రైవరు రిబోక్ మా ఊరివాడు కాదు. నన్ను చూడగానే మా పాట పెట్టాడు, అదీ చెవులు పగిలేలా.

"రిబోకన్నా, ఆపు!"

"సిగ్గేంటమ్మా? పొద్దున మీ ఊరి కొట్టు దగ్గరా ఇదే పెట్టా. ఒక్కడైనా బాగుందంటే ఒట్టు! అందరూ లేచి ఇళ్ళలోకి పోయారు. మీవాళ్ళకు పాటంటే పడదా ఏంటి?"

"మా అమ్మ ఉందా అక్కడ?"

"ఆవిడొక్కతే నిలబడింది. బండి కదిలేదాకా విన్నది."

మేం వెళ్ళేసరికి అమ్మ గడపలో కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు, తిట్టలేదు. లోపలికెళ్ళి, ఇంటికొచ్చిన చుట్టానికి ఇచ్చినట్టే తైలాంగ్‌కు తమలపాకు, వక్క తెచ్చి ఇచ్చింది. వాడు అవి చేత పట్టుకుని భోరుమన్నాడు.

"తెలియక చేశానమ్మా. కొట్టండి నన్ను."

"నీ ఫోన్‌లో ఉందా అది? పెట్టు నాయనా."

"వద్దమ్మా, వాడు వెనక్కి తిరుగుతాడు" అన్నాను.

"తిరగనీవే. ఒక్కసారి రానీ."

తైలాంగ్ పాట పెట్టాడు. అమ్మ గొంతు వచ్చింది, వెంటనే డ్రమ్ములు విరుచుకుపడ్డాయి. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ విన్నది. మూడోసారి చెవిని ఫోన్‌కు ఆనించి, డ్రమ్ములు రాగానే చిరాకుపడింది.

"నువ్వొచ్చిన రోజు గడ్డికోత దగ్గర్నుంచి వాణ్ణి అన్నానికి పిలిచాను. నేను పిలవగానే పలికాడు, వస్తున్నానని అవతలి కొండమీంచి కూశాడు. అదేదీ?"

నేను తైలాంగ్ వంక చూశాను. వాడు తలెత్తలేదు.

"ఏం చేశావురా?"

"ఎవరో అరుస్తున్నారనుకుని ఆ ముక్క కత్తిరించేశా" అన్నాడు నాకు మాత్రమే వినబడేలా. "ఫోన్‌లో చోటు లేక అసలుదీ తుడిచేశా."

అమ్మ మా వైపు చూడనేలేదు.

"కాస్త ముందుకు జరుపు నాయనా" అంది. "పలుకుతాడు."