ప్రెసిడెంటు గొంతు, వీధి వెడల్పు

గుడియాత్తం నేతవీధిలో పొద్దు పొడవకముందే పడుగులు పరిచేవాళ్ళు. వీధి పొడుగునా కర్రలు పాతి, వాటిమీద దారాలు సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వాలి. ఆ కుంచె ఒక్కడి వల్ల కదలదు. తూర్పు వరస మనిషి ఈ పక్క, పడమటి వరస మనిషి ఆ పక్క నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఊరి సంగతులన్నీ చెప్పుకుంటూ దువ్వుకుపోయేవాళ్ళు. ఎండెక్కే వేళకు పడుగూ ఆరేది, సంగతులూ అయిపోయేవి.

అంజలైది తూర్పు వరస. గంజికుండ దించి, ఆ చేత్తోనే చెంబుడు రాగిజావ పట్టుకొని ఎదురింటికి పోయేది. ఎదురిల్లంటే కూతురు కాంచన అత్తగారిల్లు. నడిస్తే పదహారు అడుగులు. పళ్ళికొండ నుంచి మంచి సంబంధం వచ్చినా వద్దని, మొగుడితో పోట్లాడి మరీ ఎదురింటి జయరామ్‌కు ఇచ్చి చేసింది. ఉన్నది ఒక్క బిడ్డ. కంటికి కనిపిస్తూ ఉండాలని ఆమె కోరిక, అంతకుమించి దేవుణ్ణి ఏమీ అడగలేదు.

ఇంతలో ఓట్లు వచ్చిపడ్డాయి. మదరాసు కౌన్సిలుకు ఓట్లు వేయడం అప్పుడే కొత్త. ఆ ముచ్చట ఒకసారి చూసినవాడికి ఊరికే కూర్చోబుద్ధి కాదు. నేతవీధివాళ్ళు కూడా ఒక సంఘం పెట్టుకొని, దానికి ప్రెసిడెంటును ఓట్లతోనే ఎన్నుకుందామనుకున్నారు. తగాదా లేని ఓటు ఉప్పు లేని కూడు కదా, వెతికితే తగాదా కూడా దొరికింది. తాడు లాగితే అడ్డదారం మోసే నాడె దానంతటది పరిగెత్తే కొత్త మగ్గం తూర్పు వరసకు నచ్చింది. చేత్తో నాడె విసిరే పాత మగ్గమే పడమటి వరసకు ముద్దు. తూర్పు తరఫున అంజలై మొగుడు వరదప్ప నిలబడ్డాడు. పడమటి తరఫున కాంచన మామ శంకరన్ నిలబడ్డాడు. వియ్యంకులే ఇద్దరూ. వరదప్ప ఒక్క ఓటుతో గెలిచాడు. ఆడవాళ్ళకు ఓటు పెట్టలేదు గనక అంజలై ఎవరికి వేసి ఉండేదో ఎవరికీ తెలియదు, ఆమె కూడా చెప్పలేదు.

గెలిచినవాడు నాలుగు మంచిమాటలు చెప్పి అరుగు దిగి ఉంటే ఈ కథే లేదు. వరదప్పది ఏడు మగ్గాల చప్పుడును మింగే గొంతు. అలాంటి గొంతుకు ప్రెసిడెంటు పదవి తోడైంది. మొదటి శుక్రవారం మీటింగులో తన అరుగెక్కి, తన వరస వైపే తిరిగి మొదలుపెట్టాడు.

"మనకు తెలివి ఉండాది! ఆ పక్కోళ్ళకు తిండి ఉండాది! వాళ్ళు నిద్దరపోతానే నేస్తారప్పా, నేస్తానే నిద్దరపోతారు!"

తూర్పు వరస విరగబడి నవ్వింది. ఎదురరుగు మీద శంకరన్ లేచాడు.

"ఒక్క ఓటు ప్రెసిడెంటు! తాడు చూస్తే కోతి కూడా లాగతాది, దానికి తెలివెందుకురా?"

ఇప్పుడు పడమటి వరస నవ్వింది. మర్నాడు పడుగులు పరిచేటప్పుడు చూస్తే ఇంకో పడుగుకు చోటు మిగిలింది. రాత్రికి రాత్రి వీధి ఒక బారెడు వెడల్పైంది.

ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. "మా ప్రెసిడెంటు వచ్చినాడు, వీధి పెద్దదైనాది" అంది తూర్పు వరస. "మేము గట్టిగా అడిగినందుకే" అంది పడమటి వరస. వెనకవీధుల్లో పెరళ్ళేమైనా ఇరుకైనాయా అంటే అదీ లేదు. వేలూరు నుంచి సర్వే ఆయన గొలుసు పట్టుకొచ్చి పొద్దున ఒకసారి కొలిచాడు, మీటింగు అయినాక ఇంకోసారి కొలిచాడు. రెండు కొలతలూ రాసి, పెద్దదాని కింద గీత గీసి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

శుక్రవారాలు పోయినకొద్దీ ఆ పక్క అటూ ఈ పక్క ఇటూ జరిగిపోయాయి. పొయ్యిలోకి ఎదురింటి నిప్పు తెచ్చుకుంటే బూడిద చేరేది. చారు చల్లారి, జావ గడ్డకట్టి చేరేవి. మజ్జిగమ్మే వళ్ళి ఒక్కపూటలో రెండు వరసలూ తిరగలేక, వీధి నడుమ తాటాకుల పందిరి వేసుకొని కూర్చుంది. దాటేవాళ్ళందరూ అక్కడికి వచ్చేసరికి దాహంతో ఉండేవాళ్ళు కాబట్టి ఆమెకు ఏ ప్రెసిడెంటు మీదా కోపం లేదు. పొన్నై నుంచి వచ్చిన చుట్టమొకడు ఎదురు వరసను చూపించి "అది ఏ ఊరప్పా?" అని అడిగాడట.

కుంచె పనికి ఎదురు వరస మనిషి కోసం ఎవరు ఎదురుచూస్తారు? ఎవరి వరసవాళ్ళు వాళ్ళలో వాళ్ళే ఇద్దరిద్దరు జతకట్టుకున్నారు. కానీ ఒకే మాట మీదున్న ఇద్దరు మాట్లాడుకోవడానికి ఏముంటుంది? "అంతే కదా" అని ఒకడు, "అంతే" అని ఇంకొకడు. పొద్దు గడవక చచ్చేవాళ్ళు.

అప్పుడు కాంచనకు ఏడో నెల వచ్చింది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. తండ్రి వెళ్ళి మర్యాదగా అడిగితే అత్తవారు పంపాలి.

"ఏమయ్యా, పోయి వియ్యంకుణ్ణి ఒక్కమాట అడిగి బిడ్డను పిల్చకరా" అంది అంజలై.

"నేనా? ప్రెసిడెంటును పట్టుకోని వాడి గడప తొక్కమంటావా?"

"ప్రెసిడెంటువి వీధికి. దానికి నాయనవి."

"సరి సరి, యోచన చేస్తా" అన్నాడు వరదప్ప.

యోచన చేసి ఆ సంగతిని శుక్రవారం మీటింగులో పెట్టాడు. "నా బిడ్డను జైల్లో పెట్టినట్టు పెట్టినారు ఆ పక్కోళ్ళు!" అని రొమ్ము గుద్దుకున్నాడు. తూర్పు వరస చప్పట్లు కొట్టింది. శంకరన్ కూడా అవతలి అరుగెక్కి చేతులూపాడు. ఆయన ఏమన్నాడో తూర్పు వరసకు వినపడలేదు గానీ వీధికి వినపడింది. సాయంత్రానికి పడమటి ఇళ్ళు అగ్గిపెట్టెలంత అయిపోయాయి. అరుగు మీద కూర్చున్నది కూతురో గంజికుండో తెలియక అంజలై ఆ రోజు కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది. మొగుడి మీద అంత కోపం ఆమెకు పెళ్ళైన ఇన్నేళ్ళలో రాలేదు.

రెండు నెలలు అలాగే పోయాయి. ఒకనాడు ఎండెక్కుతుండగా వళ్ళి రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, కాంచనకు నొప్పులంట! ఆ పక్క మంత్రసాని లేదు కదా, యాడికి పోవాల్నో తెలీక మంచమ్మీద ఏసి మోసుకొస్తా ఉండారు!"

మంత్రసాని సుబ్బమ్మది తూర్పు వరసే. అంజలై ఆమె చెయ్యి పట్టుకొని బయల్దేరింది. వరదప్ప గుండె జారిపోయింది. కానీ ఆ మనిషికి భయం వచ్చినా, సంతోషం వచ్చినా, దగ్గు వచ్చినా కేకగానే వస్తుంది. అరుగెక్కి అరిచాడు.

"ఒరే శంకరా! నా బిడ్డకేమన్నా అయిందో, మీ వరసలో ఒక్క మగ్గం మిగలనీను!"

అంజలై నడుస్తూనే ఉంది. ఎదురుగా వళ్ళి పందిరి మాత్రం వెనక్కి వెనక్కి పోతోంది. సుబ్బమ్మ ఆగి నడుం మీద చెయ్యి వేసుకుంది. ఆమె ఆ వీధిలో ఎన్నో కాన్పులు చేసింది గానీ ఇంత నడక ఎప్పుడూ నడవలేదు.

"ఇదో అంజలై, ఆయప్ప ఇంకో రెండు మాటలన్నాడంటే మనం పొయ్యేలోపల బిడ్డకు పండ్లొస్తాయి."

అంజలై గిరుక్కున వెనక్కి తిరిగింది. వచ్చినదారినే వెళ్ళి, వరసంతా చూస్తుండగా అరుగెక్కి, ప్రెసిడెంటు రెక్క పట్టుకుంది.

"దిగు."

"ఏందే, నలుగురి ముందరా..."

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీ నోటికి ఊరే రెండైనాది. అరిచేది నిలిపి నాతో నడువు."

వరదప్ప దిగాడు. దారిలో రెండుసార్లు నోరు తెరవబోయాడు, రెండుసార్లూ పెళ్ళాం మొహం చూసి మూశాడు. అటునుంచి జయరామూ ఇంకో ముగ్గురూ మంచం మోసుకొస్తున్నారు. ముందు శంకరన్ చెయ్యెత్తి కేకలు వేస్తూ వస్తున్నాడు. ఆయన కేక వేసినప్పుడల్లా మోసేవాళ్ళు పది అడుగులు ఎక్కువ నడవాల్సి వచ్చి, ఆయన్ను లోలోపల తిట్టుకుంటున్నారు. చివరికి కాంచన మంచం పట్టె పట్టుకొని సగం లేచింది.

"మామా! ఇంకొక్క కేకేసినావంటే నీ తలపాగాలోనే కంటా, చూడు!"

శంకరన్ తలపాగా సర్దుకొని నోరు మూశాడు. అంతే, పందిరి రెండు గుంపులకూ ఎదురొచ్చినట్టు వచ్చేసింది.

పందిరికి మూడు పక్కలే దడి. సుబ్బమ్మ నాలుగో పక్కకు దుప్పటి అడ్డం కట్టబోతే గుంజలు లేవు. ఆమె ఇద్దరు వియ్యంకుల చేతుల్లో చెరొక కొస పెట్టింది.

"పైకెత్తి పట్టుకోండి. లోపలికి చూడొద్దు, ఒకరినొకరు చూసుకోండి. గొంతెత్తినారో, ఇద్దర్నీ ఎండలోకి తరిమేస్తా."

ఇద్దరూ నిలబడ్డారు. లోపల కాంచన మూలుగుతోంది. దుప్పటి కొస జారినప్పుడల్లా పైకెత్తుకున్నారు. తర్వాత వరదప్ప గొంతు తగ్గించి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

"చెయ్యి నొస్తా ఉందా, బావా?"

"లేదు బావా. నీకు?"

"నాకూ లేదు." ఇద్దరి చేతులూ పీక్కుపోతున్నాయి. "భయంగా ఉండాది, బావా."

"నాకు మాత్రం లేదా?" అన్నాడు శంకరన్.

వళ్ళి గబగబా మజ్జిగకుండలు ఎత్తి లోపలికి జరుపుకుంది. రెండు పక్కలనుంచీ ఇళ్ళు మూరలు మూరలుగా జరిగివస్తున్నాయి, ఎవరి కాలో తగిలితే కుండ పగులుతుంది. కొంతసేపటికి ఆడబిడ్డ పుట్టింది. శంకరన్ ఎవరూ అడక్కుండానే తల్లీబిడ్డల్ని పుట్టింటికి తీసుకుపొమ్మన్నాడు.

అక్కడితో సుఖాంతమే అయ్యేది. కానీ వరదప్ప గొంతు సంగతి అప్పటికే వేలూరు దాకా పాకింది. తాలూకా బోర్డు ఎన్నికలు దగ్గరికొచ్చాయి, అవతలి పార్టీని చీల్చి చెండాడే మనిషి ఒకడు కావాలి. ముగ్గురు పెద్దమనుషులు శుక్రవారం వచ్చి మీటింగు వింటామని, గొంతు నచ్చితే వేలూరికి తీసుకుపోయి పెద్ద ప్రెసిడెంటునే చేస్తామని కబురు పెట్టారు. వరదప్ప అల్లం, తాటిబెల్లం నమిలి గొంతు సాపు చేసుకున్నాడు. పెరట్లో నిలబడి ఎదురు వరసను తిట్టే తిట్లన్నీ ఒకటికి రెండుసార్లు చెప్పుకున్నాడు.

అంజలై అవన్నీ వింది. మూడో నెల రాగానే కూతురు బిడ్డను ఎత్తుకొని ఎదురింటికి పోతుంది. ఈ ఒక్క మీటింగు జరిగితే ఆ ఇల్లు పళ్ళికొండ అవతలికి పోతుంది. చెప్పి చూసింది, ఏడ్చి చూసింది. "వేలూరు పొయ్యే దారిలో అడ్డం పడొద్దు" అన్నాడు మొగుడు.

శుక్రవారం వచ్చింది. వేలూరు పెద్దమనుషులు బల్ల మీద కూర్చున్నారు. వరదప్ప అరుగెక్కి, పైపంచ దులిపి, ఊపిరి పీల్చాడు. అంజలై లోపలినుంచి వచ్చి మనవరాల్ని ఆయన చేతుల్లో పెట్టింది.

"రెండు దినాలుగా కన్ను మూయలేదు. ఇప్పుడే నిద్దరపోయినాది" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

వరదప్ప నోరు తెరిచాడు. బిడ్డ నొసలు ముడుచుకుంది. గొంతు చటుక్కున తగ్గిపోయింది.

"ఆ పక్కోళ్ళు..." అన్నాడు గుసగుసగా.

"వినపళ్ళా!" అని తన వరసవాళ్ళు ముందుకు జరిగారు. పడమటి వరసకు అనుమానం వచ్చింది. ఎప్పుడూ అరిచే మనిషి గుసగుసలాడుతున్నాడంటే ఎంత ఘోరంగా తిడుతున్నాడో అని వాళ్ళూ ముందుకొచ్చారు. వాళ్ళతో పాటు వాళ్ళ ఇళ్ళూ వచ్చాయి. చెవుల వెనక చేతులు దొప్పల్లా పెట్టుకొని రెండు వరసలూ భుజాలు రాసుకుంటూ నిలబడ్డాయి. అంతమంది అంత దగ్గరగా మొహాలు పెట్టి చూస్తుంటే, నమిలి నూరిపెట్టుకున్న తిట్లలో ఒక్కటి కూడా వరదప్పకు నోటికి రాలేదు.

"ఎవురికి నచ్చిన మగ్గం వాళ్ళు పెట్టుకోండప్పా" అన్నాడు. "గలాటా చెయ్యొద్దండి. బిడ్డ నిద్దరపోతా ఉండాది."

వేలూరు పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఈ పిల్లిగొంతు కోసమా రైలెక్కి వచ్చింది?" అని లేచి జట్కా పిలిచారు. వరదప్ప చూశాడు. ఒక్క కేక వేస్తే చాలు, జట్కా ఆగుతుంది. మెడనరాలు ఉబ్బాయి, నోరు తెరుచుకుంది. బిడ్డ నిద్రలోనే ఆయన వేలు పట్టుకుంది. జట్కా మూల తిరిగిపోయేదాకా ఆయన అలాగే నోరు తెరుచుకొని నిలబడి, తర్వాత మెల్లగా మూశాడు. కిటికీలోంచి అంజలై ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసింది. పాపం అనిపించింది, ఎన్నో నెలల తర్వాత ముద్దుగా కూడా అనిపించింది. వరదప్ప తర్వాతెప్పుడూ వేలూరికి ప్రెసిడెంటు కాలేదు.

మూడో నెలలో కాంచన బిడ్డను ఎత్తుకొని అత్తగారింటికి పోయింది. అంజలై కళ్ళొత్తుకుంటూ అరుగు మీద కూర్చుంది. కొంతసేపటికి ఎదురరుగు మీదికి కాంచన వచ్చి, బిడ్డను ఒళ్ళో వేసుకొని, అటూ ఇటూ చూసి, తల్లికి మాత్రమే వినపడేటంత మెల్లగా అంది.

"అమ్మా, అత్త చేసిన పులుసు నోట్లో పెట్టుకోను కాలేదే."

"వినపడిందిలే" అంది అత్త లోపలినుంచి.