తువ్వాల కట్టిన తలుపులు

బీరమ్మ ఇంటి తలుపు మున్సిపాలిటీ ట్రాక్టరెక్కింది. రాత్రంతా కంపెనీ క్యాంటీన్లో గిన్నెలు తోమి ఆమె ఇల్లు చేరేసరికి ఇద్దరు మనుషులు బందులు ఊడబీకి దాన్ని మోసుకుపోతున్నారు.

"కోర్టు ఆర్డరమ్మా. ఇంటి పన్ను బాకీ ఉన్నవ్" అన్నాడు బిల్ కలెక్టర్, మొహం పక్కకు తిప్పుకుని.

మా కాజీపల్లి బస్తీ అంతా నిలబడి చూసింది. నేనూ చూశాను. షిఫ్టు దిగిన ఒంట్లో కోపానికి కూడా సత్తువ లేదు.

ఆమెకున్నవి రెండు గదులు. ఒకటి ఒడియా కుర్రాళ్లకు కిరాయికిచ్చింది. కిరాయి వస్తోంది కాబట్టి అది వ్యాపారమట, దుకాణం లెక్కన పన్ను కట్టాలట! మా బస్తీలో సగం ఇళ్ల కథ ఇదే. ఎదురుగా పొగ కక్కే ఫ్యాక్టరీ ఏళ్ల తరబడి పన్ను ఎగ్గొడుతున్నా దాని గేటు జోలికి ఎవడూ పోడు. తలుపు లేని ఇంట్లో సామాను పెట్టుకోలేక ఆ కుర్రాళ్లు మర్నాడే ఖాళీ చేశారు. ఇక ఇల్లే వేలం వేస్తామన్నారు.

మా అందరి కాగితాలు చూసి వకీలు చంద్రకాంత్ తల పట్టుకున్నాడు.

"కోర్టు సమన్లు తెస్తే ఎవరూ తలుపు తియ్యలేదని రాసిండ్రు. మీరు రాలేదని తీర్పు ఇచ్చేసిండ్రు. ఎందుకు తియ్యలే?"

"కొడితే గద సారూ తీసేది" అన్నాడు మొగులయ్య. నాతోపాటే కంపెనీలో రసాయనాలు ఉడికించే రియాక్టర్ దగ్గర పనిచేస్తాడు.

మా బస్తీలో రాత్రి షిఫ్టు చేసినవాళ్లు పగలు బయటి గొళ్లానికి తువ్వాల కట్టి పడుకుంటారు. అది చూస్తే చుట్టమైనా సరే తలుపు తట్టకుండా మళ్లిపోతాడు. కోర్టు మనిషిని కూడా మావాళ్లే "పండుకున్నరు, లేపకుండ్రి" అని పంపించేశారు. నిద్ర కాపాడుకున్నామనుకున్నాం. ఇళ్లు పోయే కాడికి తెచ్చుకున్నాం.

తీర్పు రద్దు చేయమని దరఖాస్తు పెట్టాం. సంగారెడ్డి కోర్టులో వాయిదా మీద వాయిదా. పోయినప్పుడల్లా ఒక రోజు కూలి పోయింది. ఈలోగా మిగతా తలుపులకూ వస్తున్నామని కబురొచ్చింది. ఆ సాయంత్రం బీరమ్మ వాకిట్లో కూర్చున్నాం.

"కిస్తుల కట్టేద్దాం. ఇగ నాతోని గాదు" అన్నాడు మా పక్కింటి రాంచందర్. ఆ మాటకు అతన్ని తిట్టలేను, నా నోట్లోనూ అదే ఉంది.

"కడితే మన ఇండ్లు దుకాణాలని మనమే ఒప్పుకున్నట్టు. ఏటేటా గదే కట్టాలె" అన్నాడు మొగులయ్య.

"మరి కొట్లాడ శాతనైతదా గీ పానాలతోని?" అన్నాడు రాంచందర్.

బీరమ్మ అందుకుంది.

"కొట్లాట సంగతి నాకు దెల్వది. నాకు నిద్ర గావాలె. తలుపు లేని ఇంట్ల కన్ను మూతవడ్తలేదు."

మొగులయ్య ఆమె వైపు తిరిగాడు.

"అయితే పండుకుందాం అక్కా. ఆఫీసు ముంగటనే పండుకుందాం."

మర్నాడు పొద్దున షిఫ్టు బస్సు దిగి, మా తలుపులు మేమే ఊడదీసుకున్నాం. రాంచందర్ మాత్రం మాతో కలవలేదు. భుజాల మీద మోసుకుపోయి మున్సిపాలిటీ గేటు ముందు పరిచాం. గొళ్లాలకు తువ్వాలలు కట్టి వాటి మీదే ఒరిగాం. నటన కాదు, నిజంగానే నిద్ర ముంచుకొచ్చింది. కమిషనర్ కారు హారన్ కొట్టీ కొట్టీ ఆగిపోయింది.

ఎస్సై లాఠీతో వచ్చాడు. బీరమ్మ అడ్డం నిలబడింది.

"తువ్వాల కనవడ్తలేదా సారూ? షిఫ్టు జేసొచ్చిన్రు. లేపకుండ్రి."

ఆమె గొంతుకే మాకు మెలకువ వచ్చింది. మొగులయ్య మాత్రం ఇంకా నిద్రలోనే ఉన్నాడు. వీడే లీడరని పోలీసులు అతన్ని రెక్కలు పట్టి వ్యాన్లో పడేశారు. మేం లేవబోయాం.

"లేవకుండ్రి! లేస్తే తలుపులు గుంజుకపోతరు" అని అరిచాడు వ్యాన్లోంచి.

ఎవరమూ లేవలేదు. గేటు లోపల గోడకు ఆనించిన తన తలుపును బీరమ్మ ఒకసారి చూసుకుంది. తర్వాత వచ్చి, ఖాళీ అయిన మొగులయ్య తలుపు మీద పడుకుని కొంగు ముఖం మీదికి లాక్కుంది.

ఎండెక్కింది. ఎవరో రొప్పుతూ వస్తున్న చప్పుడైతే కళ్లు తెరిచాను. రాంచందర్! వీపు మీద వాళ్లింటి తలుపు, దానికి తువ్వాల.

"జెర జరుగుండ్రి" అన్నాడు.