మామగారు బట్టీ ఆర్పిన వేళ

సున్నం బట్టీ పొగలోంచి బొగ్గుపులుసు వాయువును పట్టి ట్యాంకులోకి ఎక్కించే యంత్రాన్ని ఇంజనీరు కోడలు రెండేళ్ళు నానా అగచాట్లూ పడి నిలబెట్టింది. ఆ బట్టీకి మేస్త్రి స్వయానా ఆమె మామగారే. యంత్రానికి ఆయన పెట్టిన పేరు పొగబోను. "పట్టావు సరే, మూటకట్టి ఎవరికమ్ముతావే తల్లీ?" అని రోజూ ఎగతాళి.

అసలు గండం అక్కడే ఉంది మరి. ఆ వాయువును భూమి అడుగున పాతరేస్తే లోకానికి మేలే, కానీ మేలుకు డబ్బిచ్చే మారాజెవడు? ఈరోజు వచ్చే సోడా కంపెనీ ఆయన కొంటే సరేసరి, లేకపోతే యంత్రం పాత ఇనుముకే అని బట్టీ యజమాని తేల్చేశాడు.

సోడా ఆయన వచ్చాడు. కోడలు హుషారుగా మీట నొక్కింది. మీటరు ముల్లు కదిలితే ఒట్టు. మళ్ళీ నొక్కింది. ఊహూఁ! తలెత్తి చూస్తే పొగగొట్టం పైన ఒట్టి ఆకాశం.

"మామయ్యా! బట్టీ ఏమైంది?"

"నిన్న సాయంత్రమే ఆర్పించానమ్మా. పెద్దమనిషి వస్తున్నాడంటివి. ఆయన కంట పొగ పడితే నీ పరువేం కాను?"

ఓరి దేవుడా! పొగ పట్టే యంత్రాన్ని చూపించబోతే పొగే లేకుండా చేశారు మహానుభావులు. మళ్ళీ రాజుకోవాలంటే రెండు రోజులు. కోడలికి ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఎదుట ఉన్నది ఇంకెవరైనా అయితే చెడామడా దులిపేసేదే.

సోడా ఆయన పడీపడీ నవ్వాడు. నవ్వాపి అసలు సంగతి అడిగాడు. "మేస్త్రిగారూ, ఏడాదికెన్నిసార్లు ఆర్పుతారేంటి? ఇప్పుడు నాకు గ్యాసిచ్చేవాళ్ళు ఎండలు ముదరగానే చేతులెత్తేస్తున్నారు. సోడాకి గిరాకీ అప్పుడే కదా!"

మామగారికి రోషం పొడుచుకొచ్చింది. "ఆర్పడమా? ముప్పై ఏళ్ళయిందయ్యా నేనిక్కడ చేరి. మా ఆవిడ పోయిన రోజు కూడా ఆరనివ్వలేదు. కోడలి కోసం ఇదే మొదటిసారి."

కోడలు మొహం పక్కకు తిప్పేసుకుంది.

సోడా ఆయన కారు తలుపు తీశాడు. "ఎల్లుండి వస్తాను. గ్యాసు పరీక్షకు నిలిస్తే మూడేళ్ళకు ఒప్పందం రాసిస్తా. నేనొస్తున్నానని మళ్ళీ ఆర్పకండి బాబూ!" అని కారెక్కాడు.

మామగారు అప్పటికే చొక్కా చేతులు మడుస్తూ బట్టీ వైపు నడుస్తున్నారు. కోడలు పరుగున వెళ్ళి ఆయన చేతిలోని పార లాక్కుంది.

"మీరు కూర్చోండి మామయ్యా. బొగ్గు నేనెత్తుతాను."