తోలు కట్టిన మడ్డి

అక్క మడ్డి పైపొరను ఇనుప పళ్ల కర్రతో చీలుస్తూ ఉంది. మురుగునీటిని శుద్ధిచేసే ఆ కేంద్రంలో, అడుగున మిగిలిన మడ్డిని ఇసుక పరిచిన మడుల్లో ఎండబెట్టడం ఆమె పని. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. ముంజేతుల నిండా బూడిదరంగు చారలు. కొత్తలో ముక్కుకు గుడ్డ కట్టుకునేలా చేసిన ఆ వాసన ఇప్పుడామెకు తెలియనే తెలియదు.

మడ్డి అంతా ఒక్క తీరున ఎండదు. బాగా మాగినది బుద్ధిమంతురాలు. నీటిని ఇసుకకు వదిలేసి, బీటలు వారి, పెచ్చులుగా లేచి వస్తుంది. ప్రాణం తీసేది జిడ్డుది. ఎండ తగలగానే పైన తోలు కట్టేస్తుంది, లోపలి తడి లోపలే ఉండిపోతుంది. దాన్ని చీల్చి, తిరగేసి, గాలి తగిలించాలి. పక్కనున్న పాల ఫ్యాక్టరీ వదిలే కొవ్వు పుణ్యమా అని ఈ మడి అంతా ఆ రకమే. పైగా మబ్బు పట్టింది. వాన పడితే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

మామూలుగా ఇది ఇద్దరి పని. భర్త పోయి ఇంటికి వచ్చేసిన చెల్లెలు ఇన్నేళ్లూ పక్కనే కర్ర పట్టింది. అక్క పైపై చిటపటలు చూసి, నువ్వూ జిడ్డు రకానివే అని ఆటపట్టించేది. ఆ చెల్లెలికి అక్కే కాళ్లరిగేలా తిరిగి మళ్లీ సంబంధం చూసింది. నిన్న పెళ్లయింది, ఇవాళ ప్రయాణం. సాగనంపి వెళ్లమని ఇంట్లో అందరూ అన్నా, మడి పాడవుతుందని వచ్చేసింది. నిజానికి అక్కడే ఉంటే ఎక్కడ వెళ్లొద్దని అనేస్తానో అని ఆమె భయం. చెల్లెలు లేని ఇంటిని ఆమె ఊహించుకోలేకపోతోంది.

మధ్యాహ్నం చెల్లెలే వచ్చింది, కొత్త బట్టల్లో. కొత్త మరిది గేటు బయట నిలబడ్డాడు. అక్క అవతలి గట్టున కనిపించగానే చెల్లెలు చుట్టూ తిరిగి రాకుండా తిన్నగా మడిలో అడుగేసింది. ఆ మూల ఇంకా చీల్చలేదని, అంత తెలిసిన మనిషీ చూసుకోలేదు. గట్టిగా కనిపించిన పొర తెగి, కాలు పిక్కదాకా దిగిపోయింది.

అక్క పరుగెత్తి వెళ్లి, చంకల కింద చేతులు వేసి లాగింది. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. గట్టెక్కాక కూడా చెల్లెలు ఆమె భుజం వదల్లేదు.

"ఉండమంటే ఉండిపోతానక్కా. ఆయనకి నేను చెప్పుకుంటాను."

ఉండవే అన్న మాట అక్క నాలుక చివరిదాకా వచ్చింది. అయినా ఆమె చెల్లెల్ని కుళాయి దగ్గరికి నడిపించి, కాలు కడిగి, తన చెప్పులు విప్పి ముందు పెట్టింది.

"ఇవేసుకో. పాపం, ఆ మనిషి గేటు దగ్గరే నిలబడ్డాడు. వెళ్లు."

వదులు చెప్పులు ఈడ్చుకుంటూ చెల్లెలు వెళ్లిపోయింది. గేటు మూసుకున్న చప్పుడు విన్నాకే అక్క ఏడ్చింది, కర్ర మాత్రం ఆపకుండా.

పొద్దు వాలేసరికి మడి అంతా తిరగేసింది, ఆ ఒక్క మూల తప్ప. అక్కడ కాలు దిగిన గుంటలో నీరు ఊరింది, నీటి పైకి కొత్త చెప్పు పట్టీ ఒక్కటే కనిపిస్తోంది.