కదలాల్సిన కొక్కెం

రాత్రి భోజనాల దగ్గర మా ఇంట్లో ఒక చట్టం ఉంది. ఆ రోజు కొత్తగా తెలుసుకున్న ముక్క ఒకటి చెప్పనిదే కంచంలో రెండోసారి కూరముక్క పడదు. చట్టం చేసింది నేను. అమలు చేసేది మా ఆవిడ. ఎక్కువసార్లు శిక్ష పడేదీ నాకే. బస్టాండులో మైకు పట్టుకుని బస్సుల వేళలు అరిచే ఉద్యోగం నాది. రోజూ అరిచిందే అరిచేవాడికి కొత్త ముక్క ఎక్కడిది?

"ఆక్టోపస్‌కి మూడు గుండెలుంటాయట," అందొక రోజు మా ఆవిడ.

"మూడా! నాకున్న ఒక్కటీ నీకే ఇచ్చాను కదే."

"మీ జోకులు వింటే దానికి ఆ మూడూ కలిసే ఆగిపోయేవి. ఏదీ, మీ ముక్క చెప్పండి... లేదా? అయితే చారుతో సరిపెట్టుకోండి."

అప్పుడు మా అమ్మాయి అందుకుంది. "పెన్ను మూత చివర చిల్లు ఎందుకుంటుందో తెలుసా? చిన్నపిల్లలెవరైనా పొరపాటున మింగితే గొంతులో గాలి ఆడటానికట."

మా తమ్ముడు ముద్ద గాల్లోనే ఆపేశాడు. "అదా సంగతి! నేను తయారీలో లోపమనుకుని మొన్న రెండు మూతలకి మైనం పెట్టి పూడ్చేశానే!"

మా తమ్ముడిది కుళాయిల పని. పైపుల వాడికి వదులంటే కారడమే, కారడమంటే పరువు పోవడమే. అందుకే లోకంలో వదులుగా ఉన్నదేదీ వాడు వదలడు. మా ఇంటి కుర్చీలు, కిటికీ రెక్కలు, చివరికి నా కళ్లజోడు కాళ్లు కూడా వాడి చేతిలో బిగుసుకున్నవే. ఆ కళ్లజోడు తియ్యాలంటే చెవులు కూడా వెంట వస్తామంటాయి. మా అమ్మాయి వాడికి 'బిగింపు బాబాయి' అని పేరు పెట్టింది. వాడు దాన్ని బిరుదులా మోస్తున్నాడు.

అమ్మాయి వడ్రంగం నేర్చుకుంది. చెక్కలో చక్కదనం చూసే చెయ్యి దానిది. ఇందులో తండ్రి పొగడ్త ఒక్క పాలే, మిగతాదంతా నిజం. సొంతంగా కొట్టు పెట్టాక దొరికిన మొదటి పెద్ద పని మా పేట గ్రంథాలయానిది. కింద హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వరసగా పుస్తకాల బీరువాలు. అది నచ్చితే పై అంతస్తు పని కూడా తనకే ఇస్తామన్నారు లైబ్రేరియన్ మేడమ్. నచ్చకపోతే పై పని వేరేవాళ్లకి పోవడమే కాదు, ఆడపిల్లకి రంపమెందుకని మొదటి నుంచీ గొణుగుతున్న బజారుకి పండగ.

బీరువాలు నిలబెట్టే రోజు పొద్దున నేను సెలవు పెట్టి మరీ వెళ్లాను. తమ్ముడు స్పానర్ల సంచితో నాకంటే ముందే చేరాడు. ఎనిమిది బీరువాలు. ఎడమ గోడ నుంచి ఒక్కొక్కటే జరుపుతూ, పక్కదానికి మరలతో కలుపుతూ వచ్చింది అమ్మాయి. చివరిది నిలబెట్టాక చూస్తే, దానికీ కుడి గోడకీ మధ్య చిటికెన వేలు దూరేంత ఖాళీ!

సందు దొరికితే చాలు జోకు వేసే నేను, ఆ సందులో మాత్రం చిటికెన వేలు వేసి చూసుకున్నాను. కొలత తప్పితే కలత తప్పదు మరి.

"ఇదేంటమ్మా?" అన్నారు మేడమ్, కళ్లద్దాలు పైకి జరుపుకుని. "గోడ దాకా అన్నాం కదా. కింద ఇలా ఉంటే పైన ఎలా ఉంటుందో!"

తమ్ముడు అమ్మాయి చెవి దగ్గర చేరాడు. "ఒక పట్టీ కొట్టి రంగేసెయ్. దేవుడికి కూడా తెలీదు."

"దాచడం ఎంతసేపు బాబాయ్? ఎందుకొచ్చిందో తెలీకుండా దాచేస్తే పైన కూడా ఇదే వస్తుంది."

టేపు తీసి గోడకీ గోడకీ మధ్య కొలిచింది. సరిగ్గానే ఉంది. ఒక బీరువా వెడల్పు కొలిచింది. అదీ సరిగ్గానే ఉంది.

"విడివిడిగా అందరూ మంచివాళ్లే, కలిస్తేనే తేడా," అన్నాను ఉండబట్టలేక. "పెళ్లిచూపుల్లా!"

"నాన్నా, ఒక్క నిమిషం."

ఆ 'ఒక్క నిమిషం' మైకులో నేను బస్సు ఆలస్యానికి చెప్పే మాటలా లేదు. నిజంగానే నోరు మూసుకున్నాను. అమ్మాయి నేలమీద చతికిలబడి టేపునే చూస్తోంది. చివరనున్న ఇనప కొక్కేన్ని వేళ్లతో పట్టి లాగింది. కదల్లేదు. నొక్కింది. కదల్లేదు.

"బాబాయ్, దీన్నేమైనా చేశావా?"

తమ్ముడి ముఖం వెలిగిపోయింది. "చూశావా! చెప్పకుండానే కనిపెట్టింది! నువ్వు చెక్కలు కొయ్యడం మొదలుపెట్టక ముందే చేశానమ్మా. పాపం, లొడలొడలాడుతుంటే లోపలికి నొక్కి జిగురు పెట్టా. జన్మలో కదలదు!"

"అది కదలాలి బాబాయ్."

"కదలడమేంటి?"

"గోడకి ఆనించి నొక్కినప్పుడు ఈ కొక్కెం మందం కూడా కొలతలో కలవాలి. చెక్క అంచుకి తగిలించి లాగినప్పుడు కలవకూడదు. అందుకే తన మందమంత ముందుకీ వెనక్కీ జరిగేలా కావాలనే వదులుగా పెడతారు. నొక్కిన చోటే అతుక్కుపోయింది కాబట్టి గోడ కొలత నిజమే చెప్పింది. చెక్క దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ ఆ మందమంత అబద్ధమాడింది. ఒక్కో బీరువా అంతంత తగ్గి, ఎనిమిది తగ్గుళ్లూ కలిసి అదిగో, గోడ దగ్గర తేలాయి. కోసిన టేపుతోనే మళ్లీ కొలిస్తే మరి సరిగ్గా ఉందనే అంటుంది!"

తమ్ముడి ముఖంలో దీపం ఆరిపోయింది. మేడమ్ వాడి వైపు తిరగబోయారు. అమ్మాయి లేచి మధ్యలో నిలబడింది.

"పని నాది మేడమ్, టేపు నాది. రోజూ చూసుకోవాల్సింది నేనే. సాయంత్రం దాకా టైమివ్వండి. గోడకి ఆనకపోతే పై పని అడగను."

మైకులో ఎన్నో వేల ప్రకటనలు చేశాను కానీ, నా జన్మలో అంత తక్కువ మాటల్లో అంత పెద్ద ప్రకటన చెయ్యలేదు. వెన్నెముక దానంతటదే నిటారుగా అయ్యింది. చొక్కా గుండీ ఒకటి తెగిపడింది కూడా. పొట్ట వల్ల అని మా ఆవిడ అంటుంది. ఆవిడ అక్కడ లేదు కదా, ఆవిడకేం తెలుసు!

తర్వాత అమ్మాయి ఉలి మొనతో జిగురు గీకేసింది. కొక్కెం మళ్లీ టిక్కుటిక్కుమంది. ఆ ఖాళీని కొలిచి, అదే రకం చెక్కలో పలచటి పట్టీలు కోసి, బీరువాకీ బీరువాకీ మధ్య ఒక్కొక్కటి, గోడల దగ్గర చెరొకటి పెడతానంది. పట్టీలు దూరాలంటే బీరువాల్ని కలిపిన మరలన్నీ విప్పాలి. 

"బాబాయ్, నువ్వు విప్పు."

"నేనా?" అన్నాడు వాడు ఏడుపు గొంతుతో. "నాకు బిగించడమే వచ్చు."

"విప్పేది కూడా ఆ చెయ్యే. అటు తిప్పేది ఇటు తిప్పు."

వాడు మధ్యాహ్నం భోజనానికి కూడా లేవకుండా ఒక్కో మర విప్పాడు. విప్పిన ప్రతిదాన్నీ తుడిచి చొక్కా జేబులో దాచాడు. అమ్మాయి పట్టీలు కోసింది, చిత్రిక పట్టింది, దూర్చింది. మళ్లీ బిగించేటప్పుడు వాడు ప్రతి మరకీ "ఇంకా తిప్పనా, చాలా?" అని అడిగాడు. అలా అడగడం నేను వినడం అదే మొదలు.

సాయంత్రానికి ఆ సందు పోయింది. బీరువాల మధ్య సన్నటి గీతలు మాత్రం సమానంగా, మొదటి నుంచీ అలాగే చెయ్యాలనుకున్నట్టు నిలబడ్డాయి. ఖాళీని అందరూ తలా కాస్త పంచుకున్నారు; అరల మధ్య అరమరికలు లేవు.

మేడమ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా అరచేత్తో తడుముకుంటూ నడిచారు. కుడి గోడ దగ్గర ఆగి చిటికెన వేలు దూర్చబోయారు. దూరలేదు. గోరు దూర్చబోయారు. అదీ దూరలేదు.

"ఎక్కడ తప్పిందో చెప్పి మరీ దిద్దేవాళ్లని నేను పెద్దగా చూడలేదు," అన్నారు. "పైన వెలుతురుండగానే కొలతలు తీసుకుంటావా అమ్మా?"

అమ్మాయి తలూపి, టేపు నడుముకి తగిలించుకుని మెట్లెక్కింది. నాలుగు మెట్లెక్కాక వెనక్కి తిరిగింది. తమ్ముడు ఇంకా కిందే నిలబడి బూట్లు చూసుకుంటున్నాడు.

"రా బాబాయ్. రెండో చివర పట్టుకోవడానికి మనిషి కావాలి."

వాడు సంచి అక్కడే వదిలేసి, రెండేసి మెట్లు ఎక్కుతూ పరిగెత్తాడు.