పుర్రచేతి కత్తెర

కాలేజీలో ఆ పిల్లని అందరూ మొండిఘటం అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టినవాళ్ల నోట్లో చక్కెర పొయ్య! వస్తువుల డిజైన్ చదువులో చివరి ఏడాది. ఇవాళ ఇంటర్వ్యూలో ఎదురుగా పనిముట్ల కంపెనీ పెద్దాయన కూర్చున్నాడు. ఆయన తలూపితే ఉద్యోగం. ఉద్యోగం వస్తే, బట్టలు కుట్టీ కుట్టీ వేళ్లు తిమ్మిరెక్కిన అమ్మకి కాస్త విశ్రాంతి.

పక్కనే ఉద్యోగ నైపుణ్యాలు నేర్పే మేడమ్ నిలబడి, "సరే సార్ అను, సరే సార్ అను" అని కళ్లతోనే చెబుతోంది. ఉద్యోగానికి తయారు చెయ్యడమంటూ ఏడాదంతా ఆవిడ నేర్పిన చదువు అదే మరి.

పిల్ల తను చేసిన కత్తెర బల్లమీద పెట్టింది. దుకాణాల్లో దొరికేవన్నీ కుడిచేతి వాటానివే. వాళ్లమ్మది పుర్రచెయ్యి. ఇన్నేళ్లూ వాటితోనే కుస్తీ పట్టి బొటనవేలు కాయలు కాసింది. ఇది మాత్రం అచ్చంగా ఎడమచేతికి చేసినది.

"బాగుందమ్మాయ్. కానీ కుడిచేతికి మార్చెయ్. పుర్రచేతివాళ్లు ఎంతమందుంటారు? సర్దుకుపోతార్లే" అంటూ పెద్దాయన కత్తెరని కుడిచేత్తోనే తీసుకుని గుడ్డముక్క మీద ఆడించాడు. గుడ్డ తెగలేదు, రెక్కల మధ్య మడతపడింది. గట్టిగా నొక్కాడు. వేలు నొచ్చింది. "ఇదేంటి, తెగి చావదే!"

"కాస్త సర్దుకుపోండి సార్" అంది పిల్ల.

మేడమ్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. పెద్దాయన ఎర్రబడ్డాడు, తర్వాత అదోలా నవ్వాడు. "నోరు గట్టిదే! సరే, అది మార్చుకురా, ఉద్యోగం నీదే."

సరే సార్ అనే మాట పిల్ల నాలుక చివరిదాకా వచ్చింది.

"మార్చను సార్. కుడిచేతివి చెయ్యడానికి మీకు బోలెడుమంది ఉన్నారు" అని కత్తెర తీసుకుని బయటికి నడిచింది.

"నోటిదాకా వచ్చిన కూడు నేలపాలు చేసుకున్నావు కదే!" మేడమ్ మెట్లదాకా వెంటబడి తిట్టింది. ఆవిడ వెళ్లాక పిల్లకి ఏడుపు ముంచుకొచ్చింది. ముక్కు తుడుచుకుని అమ్మకి ఫోన్ చేసింది. జరిగిందంతా చెబుతుంటే అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయింది.

"కత్తెర వాళ్లకి ఇచ్చేశావా?" అంది అమ్మ.

"లేదమ్మా, నా దగ్గరే ఉంది."

"ఇచ్చొచ్చుంటే చంపేసేదాన్ని. ఏడుపు మాని ఇంటికి రా. మన వీధి చివర టైలరుదీ పుర్రచెయ్యే. ఆయనకీ ఒకటి చేసిపెట్టాలి."